పూజగదిలో కడలిపువ్వు

చిత్తూరు,
ఏప్రిల్ 18, 1942

అక్కయ్యకు కిట్టు నమస్కారాలు.

మొన్న తిరుపతి స్టేషన్లో బండి ఆగిన ఆ కాసేపట్లో నీతో మాట్లాడింది తక్కువ, నీ చేతిలో పెట్టింది ఎక్కువ. "అక్కా, కడలిపువ్వు, జాగ్రత్త" అని నేను అరుస్తుండగానే బండి కదిలిపోయింది. చంకలో గాజుజాడీ, కాళ్ళ దగ్గర రెండు కూజాల సముద్రపు నీళ్ళు, ఏం చెయ్యాలో తోచని నీ ముఖం. ఆడమనిషికి అంత బరువు అంటగట్టి వస్తారా అని నీ మరదలు వకుళ పాకాల దాకా నన్ను తిడుతూనే ఉంది.

మద్రాసు సంగతి పేపర్లో చూసే ఉంటారు. జపాను ఓడలు వస్తున్నాయని ఊరు ఊరంతా మూటలు కట్టింది. నేను పనిచేసే కాలేజీకి తాళం వేశారు. తిరువల్లిక్కేణి ఇంట్లో గాజుతొట్టి కట్టించి, రాళ్ళు పేర్చి, ఉప్పునీళ్ళు మోయించి నేను పెంచుకున్న సరంజామా గురించి ఉత్తరాల్లో చదివి చదివి నువ్వు విసిగిపోయే ఉంటావు. అందులో ఉన్నవాటన్నిటినీ బుట్టకెత్తి తీసుకువెళ్ళి సముద్రంలో వదిలేశాను. ఈ ఒక్కటీ రాయిని వదలలేదు. రాయితో సహా సాయంత్రం తీసుకుపోదామనుకునే లోపల ఒడ్డంతా ముళ్ళతీగ కట్టి సిపాయిలను నిలబెట్టారు. ఇక్కడ మాకు దొరికింది ఒకే గది, ఉన్నది ఆరుగురం. జాడీ పెట్టే చోటు మాట అటుంచు, జాడీ అన్న మాట ఎత్తితేనే ఇంటివాళ్ళు ముఖం చిట్లిస్తున్నారు. అందుకే నీకు అప్పగించాను.

దాన్ని ఎండ పడకుండా వెలుతురు మాత్రం వచ్చే చోట పెట్టు. జాడీ బయట సున్నంతో గీత గీశాను. నీళ్ళు ఆవిరై ఆ గీత కిందికి దిగితే, కాచి చల్లార్చిన మంచినీళ్ళు గీత దాకా పొయ్యి. ఉప్పునీళ్ళు పోయవద్దు. ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు, అది లోపలే ఉంటుంది. పొద్దున, సాయంత్రం గాజుగ్లాసుతో పైనీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ ఉంటే గాలి కలుస్తుంది. వేలు పెట్టకు, రాయి నుంచి పీకకు. కూజాల్లో నీళ్ళు మరీ గండం వస్తే తప్ప తియ్యకు. అవి అయిపోతే మనకు ఇక సముద్రం లేదు. దానికి ఏమీ పెట్టనక్కరలేదు, రెండు నెలలు ఊరికే ఉండగలదు. ఆ లోపల నేనే వచ్చి తీసుకుపోతాను.

ఎనిమిదేళ్ళుగా నా దగ్గర ఉంది అక్కా. ఎలాగైనా బతికించు.

నీ తమ్ముడు
కృష్ణస్వామి

తిరుపతి,
వైశాఖ శుద్ధ దశమి

చిరంజీవి కిట్టును అక్క దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం మామగారే విప్పి చదివారు. ఈ ఇంట్లో ఎవరికి ఉత్తరం వచ్చినా వీధరుగు మీద చదవడం అయ్యాకే లోపలికి వస్తుంది. ఇకమీద రాసేటప్పుడు అది గుర్తుపెట్టుకో. మీ బావ కొండమీద ఆఫీసు నుంచి వారానికి ఒకసారి దిగుతారు కాబట్టి ఇంట్లో పెత్తనమంతా పెద్దాయనదే.

నీ పువ్వు మహారాణిలా ఉంది. ఆ ఎర్రటి కాడ, పైన పల్చగా కదిలే ఆ రేకులు! నేను మొదటి రోజు వంట మరిచిపోయి చూస్తూ కూర్చున్నాను. దాన్ని హాల్లో కిటికీ పక్కన పెట్టాను. మామగారు తోట నుంచి వచ్చి చూశారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, కొండకు వెళ్ళే పూలబుట్టల్లో ఆయన చెయ్యి పడనిది ఒక్కటీ ఉండదు. నేను జడలో మల్లెపువ్వు పెట్టుకోవాలన్నా ముందు పెరుమాళ్ళకు చూపించవలసిందే. చాలాసేపు చూసి, "పువ్వంటే పెరుమాళ్ళదే గదమ్మా. మన ముచ్చటకు పెట్టుకునేదానికి మనమెవురం?" అన్నారు. తనే జాడీ ఎత్తి పూజగదిలోకి తీసుకుపోయారు.

అప్పటి నుంచి దానికి రాజభోగం. వాసన ఎలా ఉంటుందో మాత్రం నన్ను అడగకు. సమర్పించే పువ్వును వాసన చూడము కదా. సముద్రంలో పుట్టినదానికి ఉప్పు చాలదేమోనని మా అత్తగారు అలివేలమ్మ గుప్పెడు ఉప్పు పట్టుకొచ్చారు, నీ ఉత్తరం చూపించి నేనే ఆపాను. మామగారు దానికి రోజూ ఒక ఉద్ధరిణె తీర్థం పోస్తున్నారు. ఈ పొద్దున ఇంకో మంచి పని కూడా చేశారు. ఇంత గొప్ప పువ్వుకు గాజుజాడీ ఏమిటని, వాళ్ళ తాతల నాటి రాగి గంగాళం తోమించి అందులోకి మార్చారు. అది దేవుడి పనికి తప్ప బయటికి తీయని గంగాళం. అడుగున కళాయి అక్కడక్కడ పోయింది గాని, చూడడానికి కన్నుల పండుగగా ఉంది. నువ్వు చూస్తే మురిసిపోతావు.

నాకు కొన్ని సందేహాలు. దీనికి వేళ్ళు ఎక్కడ? దీపం దగ్గరికి తెస్తే ఎందుకు ముడుచుకుంటుంది? విత్తనం కడుతుందా?

నీ అక్క
రమామణి

తంతి
చిత్తూరు నుంచి
రాగి తీసేయండి. వెంటనే. కృష్ణస్వామి.

తిరుపతి,
వైశాఖ బహుళ తదియ

కిట్టూ,

నీ తంతి ఈ ఇంట్లో చేసిన అల్లరి ఇంతా అంతా కాదు. తంతి పేరు వినగానే అత్తగారు ఎవరు పోయారోనని ఏడుపు మొదలుపెట్టారు. తంతి జవాను దాన్ని వీధిలోనే చదివాడు. "రాగి తీసేయండి." బియ్యం దొరక్క ఈమధ్యే మేము కూడా ఒక బస్తా రాగులు తెప్పించుకున్నాము. నువ్వేమో మద్రాసులో చదువుకున్నవాడివి. "రాగుల్లో ఏమో కలిసినట్టుండాది, లేకుంటే దుడ్లు పోసి తంతి ఇస్తాడా?" అన్నారు అత్తగారు. బస్తా పశువుల కొట్టంలోకి పోయింది. కబురు వీధంతా పాకింది. పక్కింటి రాఘవమ్మగారు పొయ్యి మీద ఉడుకుతున్న సంకటిని కుండతో సహా దించి పారబోశారు. ఈ గోల జరుగుతున్నంతసేపూ నీ పువ్వు రాగి గంగాళంలోనే ఉంది.

మర్నాడు నీ ఉత్తరం వచ్చాక గాని మాకు తెలియలేదు, నువ్వన్నది తినే రాగి కాదని. నేను పూజగదిలోకి పరుగెత్తాను. నీళ్ళు పచ్చబడ్డాయి. పువ్వు రేకులన్నీ లోపలికి లాక్కుని, ఎండు రేగుపండంత అయిపోయి, రాయి మీద పక్కకు వాలింది. జాడీ కడిగి, ఒక కూజా నీళ్ళు మొత్తం పోసి అందులోకి మార్చాను. అప్పటి నుంచి నువ్వు చెప్పినట్టే గ్లాసుతో నీళ్ళు ఎత్తి పోస్తున్నాను. ఇంకా తెరవలేదు.

మామగారు గంగాళం తనే తుడిచి అటక మీద పెట్టేశారు. భోజనం దగ్గర, "రాగిలో తీర్థమిచ్చే చేత్తోనే పెట్టినాను. మంచిదనే పెట్టినాను" అన్నారు. నాకు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు అన్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది.

దానికి రాగి ఎందుకు పడదో కాస్త వివరంగా రాయి. రాగిచెంబులో పెట్టిన పూలు రెండు రోజులు వాడవని ఆయనకు పాతికేళ్ళ అనుభవం. ఈ పువ్వుకే ఏమొచ్చిందని అడుగుతున్నారు.

రమామణి

చిత్తూరు,
మే 11, 1942

అక్కయ్యకు నమస్కారాలు.

తంతిలో ఒక్కో మాటకు లెక్క కదా అని పొదుపు చేశాను. నా పొదుపు మండిపోను. రాఘవమ్మగారి సంకటికి నేనే బాధ్యుణ్ణి అని చెప్పు.

రాగి ఉప్పునీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతుంది. మనకు ఏమీ కాదు. నీళ్ళలో పుట్టి నీళ్ళే ఒంటినిండా పీల్చి బతికేవాటికి అది విషం. గంగాళానికి కళాయి ఉండబట్టే ఈమాత్రం దక్కింది. మామగారితో చెప్పు, ఆయన తప్పు రవ్వంత కూడా లేదు. గాజు తప్ప ఏదీ వద్దని ముందే రాయవలసినవాణ్ణి నేను. తీర్థం కూడా ఇక పోయవద్దని ఎలా చెబుతావో నువ్వే చూసుకో.

నీ సందేహాలకు తీరిగ్గా సమాధానం రాస్తాను. ముందు అది తెరిచిందో లేదో రాయి. రోజూ పోస్టు వచ్చే వేళకు వీధిలో నిలబడుతున్నాను. నాకు ఉద్యోగపు కాగితం ఏదో రావలసి ఉందని ఇంటివాళ్ళు అనుకుంటున్నారు. ఇంకో కూజాయే మిగిలిందని మరిచిపోకు.

కిట్టు

తిరుపతి,
అధిక జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

కిట్టూ,

తెరిచింది. మొదట ఒక్క రేకు, మర్నాడు నాలుగు. మామగారు ఆ రోజు దద్ధ్యోదనం చేయించారు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం నేను గుడికి వెళ్ళేటప్పుడు స్వయంగా తపాలా డబ్బాలో వేస్తున్నాను. నువ్వు జవాబు మా ఇంటికి రాయవద్దు. పక్కింటి రాఘవమ్మగారి పేర రాయి, ఆమె నాకు చేరుస్తుంది. సంకటి పోయినా ఆమెకు నీమీద కోపం లేదులే.

పోయిన శుక్రవారం చూస్తే పువ్వు రాయి మీద లేదు. గాజు గోడ మీద ఉంది. నేనే పొరపాటున చూశానేమో అనుకుని తమలపాకు సున్నంతో జాడీ బయట చుక్క పెట్టాను. రెండు రోజుల తర్వాత చుక్క ఒకచోట, పువ్వు ఇంకోచోట. పువ్వు నడుస్తుందా కిట్టూ? ఎవరికీ చెప్పలేదు.

నిన్న దీపం వత్తి సరిచేస్తుంటే ఒక ఈగ నీళ్ళలో పడింది. తీసేద్దామని గ్లాసు అందుకున్నాను. ఆ లోపలే ఒక రేకు దాన్ని అంటుకుంది. పక్క రేకులు కూడా వంగాయి. అన్నీ కలిసి ఈగను మధ్యలోకి తోశాయి. మధ్యలో ఒక చీలిక తెరుచుకుంది. ఈగ లోపలికి పోయింది, చీలిక మూసుకుంది. ఈ పొద్దున వచ్చి చూస్తే ఈగ రెక్కలు ఉమ్మేసి ఉన్నాయి.

పెరుమాళ్ళ ఎదుట! తులసి దళాల పక్కన!

నేను ముక్కున వేలేసుకుని కూర్చున్నాను. భయమూ వేసింది, నిజం చెప్పాలంటే ఇంకో ఈగ పడితే బాగుండుననీ అనిపించింది. అలా అనిపించినందుకు చెంపలు వేసుకున్నాను. విత్తనం కడుతుందా అని అడిగితే "తీరిగ్గా రాస్తాను" అన్నావు. ఇప్పుడు తీరిక చేసుకో. నువ్వు నా చేతిలో పెట్టింది పువ్వా, జంతువా? ఇంకో మాట కూడా. అది చిక్కిపోతోంది. మొదట నా పిడికిలంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత ఉంది.

రమామణి

చిత్తూరు,
జూన్ 3, 1942

అక్కా,

జంతువే.

దానికి వేళ్ళు లేవు, విత్తనం లేదు. రేకులని నువ్వన్నవి దాని చేతులు. వాటిలో కంటికి కనబడని ముళ్ళుంటాయి. మధ్యలో నువ్వు చూసిన చీలిక నోరు. తిన్నది అరిగించుకుని మిగిలింది అదే నోటితో బయటికి తోసేస్తుంది. మద్రాసు హార్బరు రాళ్ళ దగ్గర చేపలవాళ్ళు దాన్ని "కడల్ పూ" అంటారు. నేనూ, నా స్నేహితులూ, ఆఖరికి మా ప్రొఫెసరు కూడా నవ్వుతూ అదే మాట అంటాము. స్టేషన్లో నోటికి వచ్చిన మాట అదే. పువ్వంటే మీ ఇంట్లో నిజంగా పువ్వనే అనుకుంటారని ఆ క్షణంలో తట్టలేదు. నీ ఉత్తరంలో పూజగది అన్న మాట చూశాక నాకు చెమటలు పట్టాయి. చెబితే వెంటనే వీధిలో పెడతారని భయపడి ఊరుకున్నాను. రెండు నెలల్లో వచ్చేస్తాను కదా, తెలియకుండానే గడిచిపోతుందనుకున్నాను.

గడవలేదు. మద్రాసు కాలేజీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పడం లేదు. అది చిక్కిపోవడం ఆకలితోనే. పైగా రాగి దెబ్బ తిని లేచింది. నా అనుభవంలో జబ్బుపడ్డ కడలిపువ్వు మళ్ళీ తెరుచుకున్నప్పుడు ఆ ఒకటి రెండు రోజుల్లోనే దాని నోటికి కాస్త అందించాలి. లేకపోతే మళ్ళీ ముడుచుకుంటుంది, అప్పుడిక తెరవదు. నీ ఈగ కంటే ముందు కూడా నువ్వు చూడకుండా ఏ పురుగో పడి ఉండాలి, అవే దాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టాయేమో.

దానికి కావలసింది, వారానికి ఒకసారి, బఠాణీ గింజంత రొయ్య ముక్క. ఆ ఇంటికి ఈ మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు. స్వర్ణముఖిలో వదిలితే మంచినీళ్ళలో గంటసేపు కూడా ఉండదు. చిత్తూరు తెద్దామంటే ఇప్పుడున్న స్థితిలో బండి కుదుపుకే పోతుంది, తెచ్చినా పెట్టే చోటు లేదు. నువ్వేం చేసినా నిన్ను తప్పు పట్టను. దాన్ని మాత్రం పోనివ్వకు అని అడగకుండా ఉండలేను.

కిట్టు

తిరుపతి,
నిజ జ్యేష్ఠ శుద్ధ పంచమి

కిట్టూ,

నిన్ను నిలువునా తిట్టాలని కూర్చున్నాను. తిట్లు తర్వాత, ముందు జరిగింది చెబుతాను.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాను. నాలుగో రోజు పొద్దున మామగారు జాడీ ముందు నిలబడి, "చిక్కిపోతావుండాది గదమ్మా. చల్లగా కొంచెం గంధం కలిపితే?" అన్నారు. ఇక దాచలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. ఈగ సంగతి కూడా.

ఆయన ముఖంలో రంగు పోయింది. కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడలేదు. తనే జాడీ ఎత్తి పెరటి గట్టు మీద పెట్టి, బావి దగ్గర స్నానం చేసి, గది కడిగించి, పుణ్యాహవాచనం చేశారు. ఆ పూట భోజనానికి లేవలేదు. "మునెయ్యను పిలిచి స్వర్ణముఖిలో పారేసి రమ్మనండి, పీడ పోతాది" అన్నారు అత్తగారు. మునెయ్య అంటే తోటపని చేసే మనిషి.

"ఏటి నీళ్ళలో బతుకుతాదా?" అని నన్ను అడిగారు మామగారు.

"బతకదంట."

"మరి పారేసేది ఎట్లా?" అని అత్తగారి వైపు తిరిగారు. "పువ్వునని అది చెప్పినాదా? మనమే అనుకున్నాము. మనమే ఎత్తుకోని లోపల పెట్టినాము. మనం పెట్టిన పేరు తప్పయితే, దానికా శిక్ష?"

నాకు ఏడుపు వచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు జాడీ తోటలో పనిముట్ల కొట్టంలో ఉంది. గాజు గ్లాసు దానికి విడిగా పెట్టాము. మునెయ్య ఏటి మడుగుల్లోంచి ఒక కుండలో పట్టుకొస్తాడు. ఏమిటో నువ్వూ రాయకు, నేనూ రాయను. మామగారు దాన్ని "మునెయ్య తెచ్చేది" అంటారు. ఇప్పుడు ఇంట్లో అందరం అదే మాట. అది పెట్టిన రోజు మునెయ్య తలస్నానం చేస్తే తప్ప పూలబుట్ట ముట్టకూడదు. మొదటిసారి పెట్టినప్పుడు నేను గుమ్మం బయట నిలబడి చూశాను. "దీని మొగం మండ, నా యేలు గూడా మింగేటట్టుండాదమ్మా!" అని మునెయ్య ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

ఇక తిట్లు. అక్కవే కదా అని అన్నీ నెత్తిన పెడతావు. అయినా ఒక్క మాట చెప్పనా, పువ్వని అనుకున్నప్పటి కంటే ఇప్పుడే అది నాకు వింతగా ఉంది. మామగారు నిన్ను అడగమన్నవి: అది నిద్రపోతుందా? మనల్ని గుర్తుపడుతుందా? దాని ఆయుష్షు ఎంత?

రమామణి

చిత్తూరు,
జులై 9, 1942

అక్కయ్యకు, మామగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం అరుగు మీదే చదవండి. ఇక దాచేది ఏమీ లేదు. మామగారి కాళ్ళకు మొక్కుతున్నాను. వకుళ కూడా మొక్కుతోంది. ఆమె నన్ను ఇంకా తిడుతూనే ఉందని కూడా మనవి చేస్తున్నాను.

నిద్ర అని చెప్పలేము గాని చీకటికి ఒకలా, వెలుతురుకు ఒకలా ఉంటుంది. కళ్ళు లేవు, చెవులు లేవు, మెదడన్నదే లేదు. తాకింది తిండా కాదా అన్నది మాత్రం క్షణంలో కనిపెడుతుంది. మనిషిని గుర్తుపడుతుందని నేను చెప్పలేను. ఎనిమిదేళ్ళు చూశాక గుర్తుపట్టదని చెప్పడానికీ మనసు ఒప్పడం లేదు.

ఆయుష్షు ఎవరికీ తెలియదు. వెనకటికి స్కాట్లండులో ఒక దొర ఇలాంటిదాన్నే ఇంట్లో గాజుపాత్రలో పెంచాడు. ఆయన పోయాక ఇంకొకరు, వాళ్ళ తర్వాత ఇంకొకరు పెంచారు. దగ్గర దగ్గర అరవై ఏళ్ళు బతికింది. పెంచినవాళ్ళు పోతున్నారు, అది మాత్రం ఉంది.

ఇంకో చిన్న ఉపాయం. ఒక అత్తరు బుడ్డిలో ఆవాలు పోసి, బిరడా లక్కతో మూసి, కూజా నీళ్ళలో సరిగ్గా సగం మునిగేటట్టు ఆవాలు సర్దు. దాన్ని జాడీలో తేలవెయ్యి. బుడ్డి పైకి లేస్తే ఉప్పు ఎక్కువైనట్టు, కిందికి దిగితే తక్కువైనట్టు. మా కాలేజీలో దీనికి పెద్ద గాజుగొట్టం ఉంది, పని మాత్రం ఇదే.

కృష్ణస్వామి

తిరుపతి,
భాద్రపద శుద్ధ చవితి

కిట్టూ,

అది మళ్ళీ పిడికిలంత అయింది. నీ అత్తరు బుడ్డి పనిచేస్తోంది. ఆవాలు సర్దేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అరవై ఏళ్ళ సంగతి చదివి మామగారు ఉత్తరం మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "అయితే మునెయ్య తర్వాత ఎవురు?" అన్నారు. అత్తగారు నవ్వాపుకోలేక లోపలికి వచ్చేశారు. ఆయనకు అది నవ్వులాట కాదు. ఆ రోజంతా అదే ఆలోచన.

ఇప్పుడు రోజూ తోటకు పోగానే కొట్టం ముందు ఆగుతారు. లోపలికి పోరు. గుమ్మంలో నిలబడి ఒకసారి దగ్గుతారు, తను వచ్చినట్టు తెలియాలని. దానికి చెవులు లేవని కిట్టు రాశాడు కదండీ అన్నాను. "తెలుసు" అన్నారు. మర్నాడు మళ్ళీ దగ్గారు.

రమామణి

చిత్తూరు,
నవంబరు 19, 1942

అక్కా,

మంచి కబురు. కాలేజీ తెరుస్తున్నారు. డిసెంబరు మొదటి వారంలో చేరమని కాగితం వచ్చింది. మద్రాసు మళ్ళీ జనంతో నిండుతోందట. ఒడ్డున ఒకచోట ముళ్ళతీగ తీసి చేపలవాళ్ళను పోనిస్తున్నారని స్నేహితుడు రాశాడు. అంటే సముద్రం మళ్ళీ మనదే.

ముందుగా నేనొక్కణ్ణే వస్తున్నాను. వచ్చే నెల రెండో తేదీ పొద్దున బండికి తిరుపతిలో దిగి, సాయంత్రం బండికి జాడీ తీసుకుని రేణిగుంట మీదుగా వెళ్ళిపోతాను. ఈసారి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, కుదుపు తగలనివ్వను. గాజుతొట్టి మళ్ళీ కట్టించాలి, రాళ్ళు ఏరాలి. ఈ ఎనిమిది నెలలు చెయ్యి విరిగినట్టుంది అక్కా. మామగారితో చెప్పి ఉంచు.

కిట్టు

తిరుపతి,
కార్తీక బహుళ పంచమి

కిట్టూ,

ఉద్యోగం మళ్ళీ వచ్చినందుకు సంతోషం. వకుళకు ఒక చీర కొనిపెట్టు, ఆ పిల్ల పడ్డ అవస్థ తక్కువ కాదు.

మామగారితో నేను చెప్పలేదు. ఎందుకో రాస్తాను, చదివి నువ్వే తేల్చుకో.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. స్వర్ణముఖి రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. మునెయ్య గుడిసె అవతలి ఒడ్డున ఉంది, అతను రావడానికి లేదు. ఆ వానలో కొట్టం పైకప్పు కారి జాడీలోకి వాననీళ్ళు పడ్డాయి. పొద్దున పోయి చూస్తే నీ అత్తరు బుడ్డి అడుగున పడి ఉంది. పువ్వు నోరు వెళ్ళబెట్టి, చేతులు జారవేసి, రాయి మీంచి సగం ఊడిపోయింది. ఆఖరి కూజా పోసేశాను. ఇక సముద్రం చుక్క లేదు. జాడీని కొట్టంలోనే కారని మూలకు జరిపాను. అది ముడుచుకుని అలాగే ఉండిపోయింది. మామగారు గొడుగు పట్టుకుని పూటకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి దగ్గేవారు.

నిన్న పొద్దున తెరుచుకుంది. పూర్తిగా కాదు, సగమే. తెరుచుకున్న ఒకటి రెండు రోజుల్లో నోటికి అందించకపోతే ఇక తెరవదని నువ్వు రాసింది నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుంది, నేనే ఆయనకు చదివి వినిపించాను. మునెయ్య తెచ్చిన కుండ కొట్టంలోనే ఉంది. ఏటి అవతల అతనికి కబురు పంపే దారి లేదు. ఈ పని ఇక నాదే అనుకున్నాను. మధ్యాహ్నం అందరి భోజనాలయ్యాక పోయి, పెట్టి, స్నానం చేసి వద్దామని మనసు గట్టి చేసుకున్నాను.

నేను పోయేసరికి కొట్టం తలుపు దగ్గర గొడుగు ఉంది. గుమ్మంలో ఆయన లేరు, లోపల ఉన్నారు. నేను కిటికీ పక్కనే ఆగిపోయాను.

కుండలో ఒకటి చచ్చి తేలినట్టుంది. దాన్ని వేప పుల్లతో ఎత్తాలని చూస్తున్నారు. పుల్లకు చిక్కడం లేదు. చాలాసేపు చూసి, పుల్ల పక్కన పెట్టేశారు. పంచె పైకి దోపుకుని రెండు వేళ్ళతో తీశారు కిట్టూ. జన్మలో పూలు తప్ప ఇంకోటి పట్టని వేళ్ళు. జాడీలో ముంచి, దాని నోటి దగ్గర పట్టుకున్నారు. ఆ చేతులు వచ్చి తిండిని పట్టుకున్నాయి, ఆయన వేలిని కూడా పట్టుకున్నాయి. ఆయన వెనక్కి లాక్కోలేదు. "తిను. మునెయ్య రాలా. నేనే తెచ్చినాను" అన్నారు. అది మింగేదాకా అలాగే వంగి నిలబడ్డారు.

తర్వాత వానలోనే బావి దగ్గరికి పోయి, కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకున్నారు. జంధ్యం మార్చుకున్నారు. సాయంత్రం ఎప్పటిలాగే పూలబుట్టల దగ్గర కూర్చున్నారు. బుట్టలు మాత్రం ముట్టలేదు, పక్కనుండి ఇతరుల చేత సర్దించారు. ఏం మామా ఒంట్లో బాగాలేదా అని ఎవరో అడిగితే, "జలుబు" అన్నారు. ఈ పొద్దున పువ్వు నిండా తెరుచుకుని ఉంది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. నేను చూశానని ఆయనకు తెలియదు. తెలియనివ్వను కూడా. నువ్వు వచ్చినప్పుడు నోరు జారితే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కనివ్వను, తమ్ముడివని కూడా చూడను.

రెండో తేదీన రా. నీకిష్టమని పులిహోర చేసి పెడతాను. జాడీ సంగతి నేను ఆయనతో అనలేను. అది నీది, కాదనను. నీకు ధైర్యముంటే ఆయన ముందు కూర్చుని నువ్వే అడుగు.

నీ అక్క
రమామణి